రిపోర్టులన్నీ నార్మల్, మరి ఈ బాధ ఎక్కడిది? నెలసరికీ కాన్పుకీ మనసుకీ ఉన్న ముడి

క్లుప్తంగా: నెలసరికి ముందు, కాన్పు తర్వాత, మెనోపాజ్ దగ్గరపడినప్పుడు కొందరిలో తీవ్రంగా కనిపించే డిప్రెషన్, ఆందోళనల వెనక చాలాసార్లు హార్మోన్ల మోతాదులో లోపమేమీ ఉండదు. ఆ హార్మోన్ల హెచ్చుతగ్గులకు మెదడు స్పందించే తీరులో తేడా ఉంటుంది. అందువల్ల రక్త పరీక్షలో పెద్దగా ఏమీ దొరకదు. లక్షణాలు ఏ తేదీన మొదలై ఏ తేదీన పోతున్నాయో చూస్తేనే విషయం బయటపడుతుంది. గైనకాలజిస్ట్, సైకియాట్రిస్ట్ ఒకరు రాసిన మందులు ఇంకొకరు చూడకపోతే వైద్యమే కొత్త సమస్య తేవచ్చు.

నెలలో పది రోజులు ఏడుపు, చిరాకు, నిద్ర లేకపోవడం. గైనకాలజిస్ట్ స్కాన్ చేయిస్తారు, హార్మోన్ పరీక్షలు రాస్తారు. అన్నీ నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండి" అన్న మాటతో ఆ విజిట్ అయిపోతుంది. అదే మనిషి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే నిద్ర, ఆకలి, కుటుంబం గురించి అడుగుతారు గానీ, చివరి పీరియడ్స్ ఎప్పుడు వచ్చాయని అడిగేవారు తక్కువ. ఇద్దరు డాక్టర్లూ తమ పని సరిగానే చేసి ఉండవచ్చు. సమస్య మాత్రం ఆ రెండు గదుల మధ్య ఉండిపోతుంది.

"అంతా హార్మోన్ల వల్లే" అనేది ఒక సమాధానం. "అంతా మనసులోనే ఉంది" అనేది ఇంకొకటి. రెండూ వినడానికి తేలికగానే ఉంటాయి, రెండిటి వల్లా చికిత్స ఆలస్యమవుతుంది. అసలు లోపల జరిగేది ఏమిటో గత పాతికేళ్లలో చాలావరకు తేలింది.

రక్త పరీక్షకు ఎందుకు దొరకదు

1998లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. నెలసరికి ముందు తీవ్రమైన మూడ్ మార్పులు వచ్చే స్త్రీలకు, అలాంటి ఇబ్బంది లేని స్త్రీలకు ఒకే మందు ఇచ్చి అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపారు. మొదటి బృందంలో చాలామందికి లక్షణాలు తగ్గాయి. ఆ తర్వాత ఈస్ట్రోజెన్‌నో ప్రొజెస్టెరాన్‌నో మామూలు మోతాదులో తిరిగి ఇచ్చారు. మొదటి బృందంలో దిగులు, చిరాకు మళ్లీ వచ్చాయి. రెండో బృందంలో అదే హార్మోన్‌ను అదే మోతాదులో ఇచ్చినా మూడ్‌లో మార్పు లేదు.

దీన్నిబట్టి హార్మోన్ ఎంత ఉందన్న ప్రశ్న వెనక్కిపోయింది, దానికి మెదడు ఎలా స్పందిస్తుందన్న ప్రశ్న ముందుకొచ్చింది. 2000లో ఇదే పద్ధతిని కాన్పు తర్వాతి డిప్రెషన్‌కు వర్తింపజేశారు. గర్భంతో లేని స్త్రీలకు కొన్ని వారాలు ఎక్కువ మోతాదులో హార్మోన్లు ఇచ్చి, ఒక్కసారిగా ఆపేశారు. గర్భాన్నీ కాన్పునూ హార్మోన్లతో అనుకరించడమన్నమాట. గతంలో కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చిన 8 మందిలో 5 మందికి మూడ్ లక్షణాలు కనిపించాయి. అలాంటి చరిత్ర లేని 8 మందిలో ఒక్కరికీ కనిపించలేదు. ప్రయోగం చిన్నదే, కానీ తేడా స్పష్టంగా ఉంది.

ఇందులో ముఖ్యమైన పాత్ర అల్లోప్రెగ్ననలోన్ అనే రసాయనానిది. శరీరం దీన్ని ప్రొజెస్టెరాన్ నుంచి తయారు చేసుకుంటుంది. మెదడులో ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే వ్యవస్థ మీద ఇది పనిచేస్తుంది, సాధారణంగా ప్రశాంతతనే ఇస్తుంది. కొందరి మెదడు దీని పెరుగుదలకూ తరుగుదలకూ సర్దుకోలేదు; ఊరట రావాల్సిన చోట ఆందోళన వస్తుంది. గర్భం చివరి నెలల్లో బాగా పెరిగిన ఈ రసాయనం కాన్పయిన కొద్ది రోజుల్లోనే పడిపోతుంది.

ఈ వివరణ మందుల దాకా కూడా వచ్చింది. అల్లోప్రెగ్ననలోన్ రూపమే అయిన బ్రెక్సనలోన్‌ను కాన్పు తర్వాతి డిప్రెషన్ కోసం అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2019లో ఆమోదించింది. దాన్ని 60 గంటల పాటు ఆసుపత్రిలో డ్రిప్ ద్వారా ఇవ్వాల్సి వచ్చేది. పసిబిడ్డ ఉన్న తల్లికి అదెంత కష్టమో చెప్పనక్కర్లేదు. 2023లో జురనలోన్ వచ్చింది. ఇది మాత్ర రూపంలో, 14 రోజులు వాడేది.

క్యాలెండరే పరీక్ష

పీరియడ్స్‌కు ముందు కాస్త చిరాకు, రొమ్ముల్లో నొప్పి, ఉబ్బరం చాలామందికి ఉంటాయి. పీఎండీడీ (నెలసరికి ముందు వచ్చే తీవ్రమైన మూడ్ రుగ్మత) అనే సమస్య వేరు. అమెరికా సైకియాట్రిస్టుల వర్గీకరణ పుస్తకం డీఎస్‌ఎం-5 దీన్ని 2013లో పూర్తిస్థాయి రుగ్మతగా చేర్చింది. దాని ప్రకారం 11 లక్షణాల్లో కనీసం 5 ఉండాలి, వాటిలో ఒకటైనా మూడ్‌కు సంబంధించినదై ఉండాలి. లక్షణాలు పీరియడ్స్‌కు ముందు వారంలో రావాలి, రక్తస్రావం మొదలైన కొద్ది రోజుల్లో తగ్గడం మొదలుపెట్టాలి, ఆ తర్వాతి వారంలో దాదాపు లేకుండా పోవాలి. ఉద్యోగం, చదువు, సంబంధాలు దెబ్బతినేంత తీవ్రంగా ఉండాలి.

నిర్ధారణకు కనీసం రెండు నెలసరుల పాటు రోజూ లక్షణాలు రాసుకోవాలన్న షరతు ఉంది. జ్ఞాపకం మీద ఆధారపడితే పొరపాటు జరుగుతుంది. గొడవ జరిగిన రోజు పీరియడ్స్ దగ్గర్లో ఉంటే గుర్తుంటుంది, లేకపోతే మరిచిపోతాం. రోజువారీ పట్టిక చూస్తే కొందరికి నెలంతా డిప్రెషన్ ఉండి, పీరియడ్స్ ముందు అది మరింత ముదురుతోందని తేలుతుంది. పైకి ఒకేలా కనిపించినా చికిత్స వేరు: అక్కడ వైద్యం చేయాల్సింది నెలంతా ఉన్న డిప్రెషన్‌కు. ఈ పట్టిక వల్ల ఖర్చూ లేదు, సూదీ లేదు. అయినా డాక్టర్లు ఎక్కువగా రాసేది హార్మోన్ ప్రొఫైలే.

ఈ రుగ్మత ఎవరి శాఖ కిందికి వస్తుందన్నది వర్గీకరణ చేసేవాళ్లకే తేలిక కాలేదు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీ-11 పీఎండీడీని స్త్రీ జననేంద్రియ వ్యాధుల విభాగంలో పెట్టి, డిప్రెషన్ రుగ్మతల కింద కూడా చూపించింది. వైద్యంలోనూ రెండు దారులున్నాయి. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం డిప్రెషన్ మందులు మామూలు డిప్రెషన్‌లో పనిచేయడానికి వారాలు పడుతుంది, పీఎండీడీలో మాత్రం కొన్ని రోజుల్లోనే ఫలితం చూపుతాయి. అందుకే కొందరికి వీటిని నెలసరి రెండో సగంలో మాత్రమే ఇస్తారు. డ్రోస్పిరెనోన్ అనే హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రెండో దారి. ఏ దారి పట్టినా ఆత్మహత్య ఆలోచనల గురించి డాక్టర్ సూటిగా అడగాలి. పీఎండీడీ ఉన్నవారిలో ఆ ముప్పు ఎక్కువ.

కాన్పు తర్వాత ఒకే పేరుతో మూడు స్థితులు

బాలింత ఏడుస్తుంటే "కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది" అంటారు. చాలావరకు నిజమే. కాన్పయిన రెండు మూడు రోజులకు మొదలయ్యే ఈ ఏడుపు, చికాకు సగానికి పైగా తల్లుల్లో కనిపించి రెండు వారాల్లోపు వాటంతటవే పోతాయి. మందు అక్కర్లేదు.

రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, లేదా గర్భంలో ఉండగానే మొదలైతే, అది డిప్రెషన్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో సుమారు 10 శాతం, కొత్తగా తల్లులైనవారిలో 13 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత, ప్రధానంగా డిప్రెషన్ వస్తోంది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఈ అంకెలు 15.6, 19.8 శాతం. గుర్తించడానికి 1987లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిని ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నారు. పది ప్రశ్నలు, గరిష్ఠంగా 30 మార్కులు. అలసట, ఆకలి తగ్గడం లాంటి శారీరక లక్షణాలను అందులో దాదాపు వదిలేశారు. పసిబిడ్డ ఉన్న ఏ తల్లికైనా అలసట ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కేస్తే అందరికీ డిప్రెషన్ ఉన్నట్టే తేలుతుంది. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. మొత్తం మార్కులు తక్కువే వచ్చినా ఆ ఒక్క జవాబును విడిగా చూడాలి.

మూడోది ప్రసవానంతర సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలోనే వస్తుంది, కానీ వేగంగా, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. నిద్ర పట్టదు, నిద్ర కావాలనీ అనిపించదు. అయోమయం, లేని మాటలు వినపడటం, బిడ్డ గురించి వింత నమ్మకాలు మొదలవుతాయి. గతంలో బైపోలార్ రుగ్మత (అతి ఉత్సాహం, తీవ్రమైన దిగులు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవారికి ముప్పు బాగా ఎక్కువ. ఇది ఎమర్జెన్సీ. రేపటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, తల్లిని బిడ్డతో ఒంటరిగా ఉంచకూడదు.

శరీరం నుంచి వచ్చే మారువేషాలు కూడా ఉన్నాయి. కాన్పు తర్వాతి నెలల్లో కొందరికి థైరాయిడ్ గ్రంథి వాపు వస్తుంది: మొదట గుండెదడ, ఆందోళన, తర్వాత మందకొడితనం, దిగులు. రక్తహీనత కూడా ఇలాగే ఉంటుంది. ఈ రెండిటికీ రక్త పరీక్ష నిజంగా పనికొస్తుంది.

పీసీఓఎస్, ఎండోమెట్రియోసిస్: నొప్పి ఎటు నుంచి ఎటు

పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం విడుదల, పీరియడ్స్ గాడి తప్పే సమస్య) సంతానవయసు స్త్రీలలో 6 నుంచి 13 శాతం మందికి ఉంటుందనీ, వారిలో 70 శాతం వరకు నిర్ధారణ కాకుండానే ఉన్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇందులో డిప్రెషన్, ఆందోళన ఎక్కువగా కనిపిస్తాయి. మొటిమలు, ముఖం మీద రోమాలు, బరువు, పిల్లల గురించి బెంగ... ఇవి కారణంలో ఒక భాగమే. ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోవడం), ఆండ్రోజెన్ల (పురుష హార్మోన్ల) పాత్ర మీద కూడా పరిశోధన సాగుతోంది. 2023లో సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు పీసీఓఎస్ ఉన్న పెద్దవాళ్లనూ టీనేజర్లనూ అందరినీ డిప్రెషన్, ఆందోళనల కోసం స్క్రీన్ చేయాలన్నాయి. బరువు గురించి చిన్నచూపుతో మాట్లాడటం కూడా హాని చేస్తుందని గుర్తించాయి. "ముందు బరువు తగ్గి రండి" అన్న ఒక్క వాక్యంతో పేషెంట్‌ను పంపేస్తే ఆమె తిరిగి రాకపోవచ్చు.

ఎండోమెట్రియోసిస్‌లో గర్భాశయ పొరను పోలిన కణజాలం గర్భాశయం బయట పెరుగుతుంది. ప్రపంచంలో సుమారు 19 కోట్ల మందికి, అంటే సంతానవయసు స్త్రీలలో దాదాపు 10 శాతానికి ఈ సమస్య ఉంది. లక్షణాలు మొదలైన నాటి నుంచి నిర్ధారణ దాకా సగటున 4 నుంచి 12 ఏళ్లు పడుతోంది. నొప్పి ఏళ్ల తరబడి సాగితే నరాల వ్యవస్థ దానికి మరింత సున్నితంగా మారుతుంది. చిన్న ప్రేరణ కూడా పెద్ద నొప్పిగా నమోదవుతుంది. ఆందోళన ఆ సున్నితత్వాన్ని పెంచుతుంది, నొప్పి ఆందోళనను పెంచుతుంది. అలాంటప్పుడు ఆందోళనకు చికిత్స ఇస్తే నొప్పి తగ్గడాన్ని "చూశారా, అంతా మానసికమే" అనడానికి సాక్ష్యంగా వాడటం తప్పు.

ఆ తప్పుకు చరిత్ర పొడవైనది. వివరణ దొరకని స్త్రీల బాధలన్నిటికీ శతాబ్దాలపాటు హిస్టీరియా అని పేరు పెట్టారు. ఆ పేరుతో ఉన్న రోగనిర్ధారణను అమెరికా వర్గీకరణ 1980లో గానీ తీసేయలేదు. ఇంకోవైపు, 1977లో అమెరికా నియంత్రణ సంస్థ పిల్లలు కనే వయసు స్త్రీలను మందుల తొలి దశ ప్రయోగాల నుంచి దూరంగా ఉంచాలని సూచించింది. 1993లో దాన్ని వెనక్కి తీసుకుంది. స్త్రీల శరీరంలో మందులెలా పనిచేస్తాయన్న సమాచారం ఆలస్యంగా పోగవడానికి ఇదొక కారణం.

రెండు చీటీలు ఒకచోట చూడాల్సిన కారణం

శాఖల మధ్య గోడ వల్ల జరిగే నష్టం మందుల దగ్గర అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది.

రిస్పెరిడోన్ లాంటి కొన్ని సైకోసిస్ మందులు ప్రొలాక్టిన్ హార్మోన్‌ను పెంచుతాయి. పీరియడ్స్ ఆగిపోతాయి, కొందరికి రొమ్ముల నుంచి పాలు కారతాయి. గైనకాలజిస్ట్‌కు ఈ మందు సంగతి తెలియకపోతే కారణం వెతకడానికి స్కాన్ల మీద స్కాన్లు. పేషెంట్‌కు ఎవరూ ముందే చెప్పకపోతే ఆమె భయపడి మందే మానేస్తుంది, జబ్బు తిరగబెడుతుంది.

వాల్ప్రోయేట్ విషయం ఇంకా గంభీరం. మూర్ఛకూ బైపోలార్‌కూ వాడే ఈ మందు గర్భంలో ఉన్నప్పుడు తీసుకుంటే పిల్లల్లో సుమారు 10 శాతానికి పుట్టుక లోపాలు వస్తాయి, 30 నుంచి 40 శాతానికి ఎదుగుదల సమస్యలు రావచ్చు. అందుకే యూరప్ 2018లో ఆంక్షలు కఠినం చేసింది: నమ్మకమైన గర్భనిరోధక పద్ధతి ఉంటే తప్ప గర్భం వచ్చే అవకాశమున్న స్త్రీలకు, అమ్మాయిలకు ఈ మందు ఇవ్వకూడదు. పైగా ఈ మందుకు పీసీఓఎస్ లాంటి లక్షణాలతోనూ సంబంధం ఉంది. అయితే వాడుతున్నవారు దీన్ని సొంతంగా ఆపేయడం కూడా ప్రమాదమే. మార్పు డాక్టర్ పర్యవేక్షణలోనే జరగాలి.

బైపోలార్‌కు లామోట్రిజిన్ అనే మందు వాడుతున్నవారు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మొదలుపెడితే రక్తంలో లామోట్రిజిన్ దాదాపు సగానికి పడిపోవచ్చు. బైపోలార్ మళ్లీ పైకొస్తుంది, కారణం ఎవరికీ తోచదు. మూర్ఛకూ బైపోలార్‌కూ వాడే కార్బమజిపైన్ దీనికి తిరగేసిన కేసు: అది కాలేయంలో ఎంజైములను చురుకు చేసి గర్భనిరోధక మాత్ర బలాన్ని తగ్గిస్తుంది, అనుకోని గర్భం రావచ్చు. మూలికల మందుగా అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్ కూడా అదే పని చేస్తుంది. దాన్ని మందుగా లెక్కించక డాక్టర్‌కు చెప్పనివారే ఎక్కువ.

గర్భనిరోధక మాత్రల వల్ల డిప్రెషన్ వస్తుందా అన్న ప్రశ్న తరచూ వార్తల్లోకి వస్తుంది. పదిలక్షల మందికి పైగా స్త్రీల రికార్డులతో డెన్మార్క్‌లో జరిగిన 2016 నాటి అధ్యయనం ఇక్కడ ప్రధాన ఆధారం. హార్మోన్ గర్భనిరోధకాలు వాడేవారిలో ఏడాదికి ప్రతి 100 మందిలో 2.2 మంది తొలిసారి డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. వాడనివారిలో 1.7 మంది. 15 నుంచి 19 ఏళ్లవారిలో ఈ తేడా మరింత ఎక్కువ. సంబంధం ఉందని ఇది చూపుతుంది గానీ మాత్రే కారణమని రుజువు చేయదు. ఎక్కువమందికి ఏమీ కాదు, కొందరికి నిజంగా పడదు. హెచ్చరిక రాసి భయపెట్టడం కన్నా, మాత్ర మొదలుపెట్టాక రెండు మూడు నెలలకు మూడ్ ఎలా ఉందని అడగడమే ఉపయోగం.

గర్భం వచ్చిందని తెలియగానే డిప్రెషన్ మందులన్నీ ఒక్కసారిగా ఆపేయడం మరో సాధారణ పొరపాటు. మందుకు ముప్పు ఉన్నట్టే చికిత్స లేని డిప్రెషన్‌కూ ముప్పు ఉంది. నెలలు నిండకుండా కాన్పు కావడం, తల్లి తిండి, నిద్ర దెబ్బతినడం, కాన్పు తర్వాత జబ్బు ముదరడం అందులో భాగం.

అమ్మాయిల దగ్గర లెక్క వేరు

రజస్వల వయసు వరకు డిప్రెషన్ అబ్బాయిల్లో, అమ్మాయిల్లో దాదాపు సమానం. ఆ తర్వాత అమ్మాయిల్లో రెట్టింపుకు దగ్గరవుతుంది. హార్మోన్ల మార్పు, శరీరం గురించి వచ్చే వ్యాఖ్యలు, వేధింపులు అన్నీ ఒకే సమయంలో మొదలవుతాయి కాబట్టి కారణాలను విడదీయడం కష్టం.

రోగనిర్ధారణలో తొందర కూడా ఇక్కడే ప్రమాదం. మొదటి రెండు మూడేళ్లు పీరియడ్స్ 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా సహజమే. తొలి పీరియడ్ తర్వాత 8 ఏళ్ల వరకు పీసీఓఎస్ నిర్ధారణకు అల్ట్రాసౌండ్ వాడొద్దని మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఎందుకంటే ఆ వయసులో అండాశయాలు సహజంగానే అలా కనిపించవచ్చు. స్కాన్ చూసి పదిహేనేళ్ల అమ్మాయికి "పీసీఓఎస్, పిల్లలు కష్టం" అనేస్తే, లేని జబ్బు స్థానంలో ఉన్న ఆందోళన మిగులుతుంది.

దీనికి ఎదురుగా, నిజంగా ఆగిపోయిన పీరియడ్స్‌ను తేలిగ్గా తీసుకోవడం ఉంది. తక్కువ తినడం, అతి వ్యాయామం, తీవ్రమైన ఒత్తిడి వల్ల మెదడులోని హైపోథాలమస్ అండాశయాలకు సంకేతాలు పంపడం తగ్గిస్తుంది. ఈటింగ్ డిజార్డర్‌కు మొదటి జాడ చాలాసార్లు ఇదే. హార్మోన్ మాత్రలిస్తే రక్తస్రావం వస్తుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. లోపల ఎముకల నష్టం, తిండి సమస్య అలాగే సాగుతాయి. అందుకే విజిట్‌లో కొంతసేపైనా అమ్మాయితో విడిగా మాట్లాడమంటారు. తల్లి పక్కనుండగా తిండి మానేస్తున్నాననీ, ఎవరో తాకారనీ చెప్పగలిగేవారు అరుదు.

మెనోపాజ్ ముందు, పరీక్ష గదిలో

మెనోపాజ్‌కు ముందు కొన్నేళ్లు ఈస్ట్రోజెన్ క్రమంగా దిగదు, ఎగుడుదిగుడుగా ఊగుతుంది. డిప్రెషన్ ముప్పు పెరిగేది ఆ దశలోనే, ముఖ్యంగా గతంలో డిప్రెషన్ వచ్చినవారికి. రాత్రిపూట వేడి ఆవిర్లు నిద్రను చెడగొట్టి మూడ్‌ను మరింత కిందికి లాగుతాయి. హార్మోన్ చికిత్స ఆవిర్లకు బాగా పనిచేస్తుంది. డిప్రెషన్ మాత్రమే ఉన్నప్పుడు మాత్రం సాధారణ డిప్రెషన్ వైద్యమే మొదటి దారి.

పరీక్ష గది గురించి ఒక మాట. ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరు జీవితంలో ఎప్పుడో శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొన్నవారే. వారిలో కొందరికి లోపలి పరీక్ష అంటే ఆ రోజు తిరిగి రావడమే. వారు రాకుండా మానేస్తారు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ తప్పిపోతుంది. ముందే చెప్పి అనుమతి అడగడం, ఆపమంటే వెంటనే ఆపడం దీనికి కావాల్సిన కనీస పద్ధతి. ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ పరీక్షకు నమూనా తామే తీసుకునే విధానాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సమర్థిస్తోంది.

స్క్రీనింగ్ తర్వాత ఎవరు చూస్తారు

ప్రశ్నావళి నింపించడం తేలిక. మార్కులు ఎక్కువ వచ్చిన వ్యక్తిని ఎక్కడికి పంపాలన్నది అసలు చిక్కు. సైకియాట్రిస్టులు తక్కువున్న చోట స్క్రీనింగ్ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది.

దీనికి బలమైన జవాబుల్లో ఒకటి పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామీణ ప్రాంతం నుంచి వచ్చింది. కౌన్సెలింగ్‌లో ముందస్తు అనుభవం లేని మహిళా ఆరోగ్య కార్యకర్తలకు ఆలోచనా తీరును మార్చే మాటల చికిత్సలో శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. కాన్పయిన ఆరు నెలలకు చూస్తే, ఆ చికిత్స అందినవారిలో 23 శాతం మందిలోనే డిప్రెషన్ మిగిలింది. శిక్షణ లేని కార్యకర్తలు అన్నే సార్లు వెళ్లిన ఇళ్లలో 53 శాతం. 2008లో ఈ ఫలితాలు వచ్చాయి, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని మాన్యువల్‌గా విడుదల చేసింది. తల్లి ఆరోగ్యం కోసం ఎలాగూ ఇంటికి వచ్చే మనిషే ఈ పనీ చేస్తుంది కాబట్టి, మానసిక వైద్యానికి వెళ్తున్నామన్న ముద్ర పడదు. సైకోసిస్, బైపోలార్, ఆత్మహత్య ముప్పు ఉన్న కేసులకు ఈ పద్ధతి సరిపోదు. వాటికి సైకియాట్రిస్ట్ కావాలి, ఆ సైకియాట్రిస్ట్ దగ్గర పేషెంట్ గర్భం సంగతీ గైనకాలజిస్ట్ చీటీ కూడా ఉండాలి.